కుందారపల్లి నుంచి కంఠీరవ దాకా: ఫుట్‌బాల్‌ను ఇంట్లో చూడటం, మైదానంలో చూడటం

ఫుట్‌బాల్ మ్యాచ్‌ను ఇంట్లో టీవీలో చూడటం ఒక అలవాటు, మైదానానికి వెళ్లి చూడటం మరో అలవాటు. ఆట ఒకటే అయినా కంటికి ఆనేది వేరు, చెవిన పడేది వేరు, ఖర్చయ్యేది వేరు. టీవీ సౌకర్యంగా ఉంది కదా అని మైదానాన్ని పూర్తిగా మానేసినవారికి ఆటలో సగం తెలియకుండా పోతుంది. ప్రతి మ్యాచ్‌కూ మైదానానికి పోవాలనుకునేవారికి డబ్బూ నిద్రా రెండూ చాలవు. ఏ మ్యాచ్ ఎక్కడ చూడాలో ముందే తేల్చుకోవడం, తేల్చుకున్న చోట సరిగా చూడటం: నేర్చుకోవలసినవి ఈ రెండే.

ఈ విషయం పెద్ద ఊళ్లవారికన్నా కుందారపల్లి లాంటి చోట ఉండేవారికి ఎక్కువ ఆలోచించవలసినది. క్రిష్ణగిరి నుంచి హోసూరు వెళ్లే జాతీయ రహదారి మీద ఉన్న ఊరు ఇది. రాష్ట్రం తమిళనాడు, రాజధాని చెన్నై రెండు వందల అరవై కిలోమీటర్ల దరిదాపులో ఉంటుంది. బెంగళూరు మాత్రం ఎనభై కిలోమీటర్లే. ఇంట్లో తెలుగు, కచేరీలో తమిళం, బెంగళూరు బజారులో కన్నడం మాట్లాడే ఈ సరిహద్దు జనానికి ఫుట్‌బాల్‌లోనూ రెండు వైపులా బంధుత్వం ఉంది. రాష్ట్రం లెక్కన చెన్నయిన్ ఎఫ్‌సీ సొంత జట్టు, దారి లెక్కన బెంగళూరు ఎఫ్‌సీ సొంత జట్టు. 2018 మార్చి 17న ఈ రెండు జట్లే ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ఫైనల్లో తలపడ్డాయి. అదీ బెంగళూరు కంఠీరవ మైదానంలోనే. తొమ్మిదో నిమిషంలోనే సునీల్ ఛేత్రి తలతో గోల్ కొట్టి ఆతిథ్య జట్టును ముందుంచాడు. ఆ తర్వాత చెన్నయిన్ డిఫెండర్ మైల్సన్ ఆల్వెస్ రెండు కార్నర్లను తలతోనే గోల్స్‌గా మార్చాడు. చివరికి చెన్నయిన్ 3-2తో కప్పు ఎత్తుకుపోయింది.

ఆ రెండు కార్నర్ గోల్స్‌ను పట్టుకుంటే టీవీకీ మైదానానికీ ఉన్న తేడా బాగా అర్థమవుతుంది. టీవీలో ప్రధాన కెమెరా మధ్యగీతకు ఎదురుగా, ఎత్తున ఉంటుంది. అది బంతి ఎటు పోతే అటు తిరుగుతుంది. కాబట్టి తెరమీద ఎప్పుడూ బంతి చుట్టూ ఉన్న భాగమే కనబడుతుంది. కార్నర్ కొట్టేటప్పుడు కొట్టేవాడి ముఖం, తర్వాత గోల్ ముందు గుంపు, తర్వాత గోల్, ఆ వెంటనే మూడు వైపుల నుంచి రీప్లే. ఎవరు ఎవరిని పట్టుకోవడం మరిచారో, తల ఏ క్షణాన తగిలిందో ఆ రీప్లేల్లో తేటతెల్లమవుతుంది. ఇంత దగ్గరి చూపు మైదానంలో ఏ సీటుకూ దక్కదు.

మైదానంలో దక్కేది ఇంకొకటి: బంతి లేని చోట జరిగే ఆట. ఒక మ్యాచ్‌లో ఒక్కో ఆటగాడి కాలి దగ్గర బంతి ఉండేది కొద్ది నిమిషాలే. మిగతా సేపంతా అతడు జాగా వెతుకుతుంటాడు, లేదా ఎదుటివాడి జాగా మూసేస్తుంటాడు. డిఫెండర్లు నలుగురూ ఒక్క తాడుకు కట్టినట్టు ముందుకూ వెనక్కూ కదలడం, ఒక వింగర్ అంచున నిలబడి ఎదుటి డిఫెండర్‌ను అటువైపు లాగి మధ్యలో దారి తెరవడం, బంతి అవతలి కొసన ఉన్నా గోల్‌కీపర్ పదిహేను గజాలు ముందుకొచ్చి తనవాళ్లను అరిచి సర్దడం తెరమీదికి రావు. సంవత్సరాల తరబడి టీవీలో ఆట చూసినవారు మొదటిసారి గ్యాలరీలో కూర్చున్నప్పుడు మైదానం ఇంత వెడల్పా అని ఆశ్చర్యపోవడం సహజం. లోతు, వెడల్పు, పరుగు వేగం అప్పుడే ఒంటికి తెలుస్తాయి. ఆఫ్‌సైడ్ నియమం టీవీలో గీత గీస్తే అర్థమవుతుంది. గ్యాలరీలో చివరి డిఫెండర్‌కు సూటిగా కూర్చున్నవారికి మాత్రం ఆ గీత గీయకుండానే కనబడుతుంది. ఫార్వర్డ్ ఎందుకు అర అడుగు ఆగి బయలుదేరాడో బోధపడుతుంది.

పిల్లలకు ఆట నేర్పుతున్న కోచ్‌లూ, తల్లిదండ్రులూ ఈ ఒక్క కారణంతోనైనా ఏడాదికి ఒకటి రెండు మ్యాచ్‌లు మైదానంలో చూపించడం మంచిది. బడి జట్టులో ఎడమ వైపు ఆడే పిల్లకు మొదటి సగమంతా అదే స్థానంలో ఆడేవాడిని మాత్రమే గమనించమని చెబితే, బంతి రానప్పుడు ఏం చేయాలో పది ఉపన్యాసాలకన్నా బాగా తెలుస్తుంది. టీవీలో ఈ పని కుదరదు. ఎవరిని చూడాలో కెమెరా ముందే తేల్చేస్తుంది.

టీవీదే పైచేయి అయిన సందర్భాలూ ఉన్నాయి. వాటిలో పేరుపడ్డది 2023 మార్చి 3న ఇదే కంఠీరవలో జరిగింది. ఐఎస్‌ఎల్ నాకౌట్‌లో బెంగళూరు, కేరళ బ్లాస్టర్స్ గోల్ లేకుండా అదనపు సమయానికి వెళ్లాయి. బెంగళూరుకు ఫ్రీకిక్ వచ్చింది. బ్లాస్టర్స్ ఇంకా అడ్డుగోడ కట్టుకోకముందే, గోల్‌కీపర్ సర్దుకోకముందే ఛేత్రి బంతిని గోల్‌లోకి పంపేశాడు. రెఫరీ గోల్ ఇచ్చాడు. బ్లాస్టర్స్ కోచ్ ఇవాన్ వుకొమనోవిచ్ తన ఆటగాళ్లను బయటికి పిలిచేశాడు. వాళ్లు మళ్లీ రాలేదు, మ్యాచ్ బెంగళూరుకు దక్కింది. తర్వాత అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బ్లాస్టర్స్‌కు 4 కోట్ల రూపాయల జరిమానా, కోచ్‌కు 10 మ్యాచ్‌ల నిషేధం విధించింది. ఇంట్లో ఉన్నవారికి ఆ ఫ్రీకిక్ పదేపదే కనబడింది. ఛేత్రి ఎక్కడ నిలబడ్డాడో, రెఫరీ ఎటు తిరిగి ఉన్నాడో చూసి వాదించుకునే వీలు చిక్కింది. గ్యాలరీలో కూర్చుని ఆ క్షణాన పక్కవారితో మాట్లాడుతున్నవారికి గోల్ ఎలా పడిందో తెలిసే దారే లేదు. వివాదం వచ్చినప్పుడు న్యాయం తేల్చుకోవడానికి టీవీ కావాలి. అందుకే మైదానంలో చూసిన మ్యాచ్‌ను మర్నాడు హైలైట్స్‌లో మరోసారి చూడటం వృథా కాదు. రెండు చూపులూ కలిస్తేనే ఆ మ్యాచ్ పూర్తిగా తెలిసినట్టు.

చెవికి అందే దాంట్లో మాత్రం టీవీకి పోటీకొచ్చే శక్తి లేదు. 2023 జులై 4న కంఠీరవలో సాఫ్ ఛాంపియన్‌షిప్ ఫైనల్. భారత్, కువైట్ 1-1తో నిలిచి పెనాల్టీల దాకా వెళ్లాయి. సడన్ డెత్‌లో గుర్‌ప్రీత్ సింగ్ సంధు ఆపిన కిక్‌తో భారత్ 5-4తో గెలిచింది. ఆ రాత్రి గ్యాలరీలన్నీ గొంతు కలిపి వందేమాతరం పాడాయి. ఆ వీడియో దేశమంతా చూసింది. అయినా వేలమంది ఒకేసారి ఊపిరి బిగబట్టినప్పుడు వచ్చే నిశ్శబ్దాన్ని ఏ స్పీకరూ పట్టుకోలేదు. పెనాల్టీ కొట్టేవాడు మూడడుగులు వెనక్కి వేసేటప్పటి ఆ నిశ్శబ్దం కోసమే వెళ్లేవారు ఉన్నారంటే అందులో అతిశయోక్తి లేదు.

జనం లేని మైదానం ఎలా ఉంటుందో కరోనా కాలం చూపించింది. 2020 మేలో జర్మనీ లీగ్ ఖాళీ గ్యాలరీల మధ్య మళ్లీ మొదలైంది. ఆటగాళ్ల అరుపులు, బంతి చప్పుడు టీవీలో స్పష్టంగా వినబడ్డాయి. సొంతగడ్డ మీద ఆడే జట్టుకు ఉండే అనుకూలత ఆ రోజుల్లో చాలా లీగుల్లో తగ్గిందని ఆ తర్వాత చేసిన పరిశోధనలు తేల్చాయి. ప్రేక్షకుడు చూసిపోయేవాడు మాత్రమే కాదు, ఆటలో ఒక పాత్ర అని దీన్నిబట్టి తెలుస్తుంది.

తెలుగువారికి ఈ విషయంలో దగ్గరి ఉదాహరణ హైదరాబాద్ ఎఫ్‌సీ. 2019లో పుట్టిన ఈ జట్టుకు గచ్చిబౌలిలోని బాలయోగి మైదానం సొంతగడ్డ. రహీం సాబ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదు రోవర్స్ కప్‌లు గెలిచిన ఊరికి చాలా కాలం తర్వాత మళ్లీ ఒక పెద్ద జట్టు వచ్చింది. 2021-22లో అది ఐఎస్‌ఎల్ విజేత కూడా అయింది. అయితే కరోనా వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలో జరిగింది. ప్రేక్షకులను ఫైనల్‌కు గానీ రానివ్వలేదు. హైదరాబాద్‌లో ఉన్న అభిమాని తన జట్టు ఛాంపియన్ కావడాన్ని మొదటి నుంచి చివరి దాకా టీవీలోనే చూశాడు. ఆ తర్వాత ఆర్థిక ఇబ్బందులు ముదిరాయి, యాజమాన్యం మారింది, 2025లో క్లబ్ ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. గ్యాలరీ నిండకపోవడం ఒక్కటే దీనికి కారణమనలేం. కానీ ఊళ్లో వేళ్లూనుకునేలోపే ఆ జట్టు వెళ్లిపోయిందన్నది మాత్రం నిజం. దగ్గర్లో జట్టున్నవారు, అది ఎనభై కిలోమీటర్ల దూరమైనా సరే, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఆటగాళ్లకు జనం ఎంత ముఖ్యమో సునీల్ ఛేత్రి స్వయంగా చెప్పిన సందర్భం ఒకటుంది. 2018 జూన్ 1న ముంబైలో భారత్ చైనీస్ తైపీని 5-0తో ఓడించింది. ఛేత్రి హ్యాట్రిక్ కొట్టాడు. గ్యాలరీలో ఉన్నది రెండున్నర వేల చిల్లర మంది. మర్నాడు అతడు ఒక వీడియో పెట్టాడు. తిట్టండి, విమర్శించండి, కానీ ఇంటర్‌నెట్‌లో కాదు, మైదానానికి వచ్చి మా ముఖం మీద చెయ్యండి అన్నది దాని సారాంశం. జూన్ 4న కెన్యాతో మ్యాచ్. అది అతడి నూరో అంతర్జాతీయ మ్యాచ్. టికెట్లన్నీ అమ్ముడైపోయాయి. వానలోనే భారత్ 3-0తో గెలిచింది. అందులో రెండు గోల్స్ ఛేత్రివే.

ఇక ఇంట్లో చూడటానికి పాటించవలసిన పద్ధతి. యూరప్ ఆటలన్నీ ఇంట్లోనే చూడాలి, వేరే దారి లేదు. ఇంగ్లండ్‌లో శనివారం మధ్యాహ్నం మూడింటికి మొదలయ్యే మ్యాచ్ ఇక్కడ వేసవిలో రాత్రి ఏడున్నరకు, చలికాలంలో ఎనిమిదిన్నరకు వస్తుంది. అది కుటుంబంతో కూర్చుని చూడగలిగే వేళ. ఛాంపియన్స్ లీగ్ అలా కాదు. అక్కడి రాత్రి మ్యాచ్ ఇక్కడ అర్ధరాత్రి పన్నెండున్నరకో, ఒంటిగంటన్నరకో మొదలవుతుంది. హోసూరులో అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ లాంటి ఫ్యాక్టరీల్లో పొద్దుటి షిఫ్టు ఉన్నవారు మూడున్నర దాకా మేలుకుని యంత్రం ముందు నిలబడటం ప్రమాదం. ఒక సీజన్లో ఏ రెండు మూడు రాత్రులు మేలుకోవాలో ముందే ఎంచుకుని, మిగతావి పొద్దున స్కోరు తెలియకుండా చూసే ఏర్పాటు చేసుకోవడం తెలివైన పని. అందుకు నిద్రపోయే ముందే ఫోన్‌లో వాట్సాప్ గ్రూపులనూ స్పోర్ట్స్ యాప్ నోటిఫికేషన్లనూ ఆపేయాలి. గ్రూపులో ఒక్క మెసేజ్ చాలు, తొంభై నిమిషాల ఆటంతా చప్పబడిపోతుంది.

యాప్‌లో వచ్చే ప్రసారం డిష్‌లో వచ్చేదానికన్నా కొన్ని సెకన్లు, ఒక్కోసారి అర నిమిషం పైన ఆలస్యంగా అందుతుంది. పక్కింట్లో డిష్ ఉండి, ఈ ఇంట్లో యాప్ ఉంటే గోల్ ముందు కేకగా వినబడి తర్వాత బొమ్మగా కనబడుతుంది. ముఖ్యమైన మ్యాచ్‌కు ఇరుగుపొరుగు అంతా ఒకే రకం ప్రసారం పెట్టుకోవడమో, ఒకే ఇంట్లో కూర్చోవడమో మేలు. డిష్‌కు ఉన్న బలహీనత వాన. డీటీహెచ్ వాడే కు-బ్యాండ్ తరంగాలను కుండపోత వాన అడ్డుకుంటుంది, తెర గళ్లుగళ్లుగా చెదిరిపోతుంది. అలాంటి సాయంత్రాలకు ఫోన్‌లో యాప్ సిద్ధంగా పెట్టుకోవడం ముందుచూపు. ఏ లీగ్ ఏ ఛానల్లో వస్తుందన్నది ప్రసార హక్కులను బట్టి మారుతూ ఉంటుంది కనుక ఏడాదికి సరిపడా చందా కట్టే ముందు ఆ సీజన్ హక్కులు ఎవరివో కనుక్కోవాలి. 2025 జులైలో వాణిజ్య హక్కుల ఒప్పందం తేలకపోవడంతో ఐఎస్‌ఎల్ సీజనే వాయిదా పడింది.

43 అంగుళాల టీవీకి ఐదారు అడుగుల దూరం సరిపోతుంది. దుకాణంలో మెరిసేలా పెట్టిన రంగుల సెట్టింగును తగ్గిస్తే పచ్చగడ్డి మీద బంతి కంటికి హాయిగా కనబడుతుంది. ఒంటరిగా చూడటంకన్నా నలుగురితో చూడటంలో సంతోషం ఉంది. బడి గోడకు తెల్లగుడ్డ కట్టి ప్రొజెక్టర్‌తో ప్రపంచ కప్ ఫైనల్ చూపిస్తే ఊరంతా చేరుతుంది. ఇది ఇంటికీ మైదానానికీ మధ్య మెట్టు. డబ్బు తీసుకుని చూపించాలంటే మాత్రం హక్కుదారుల అనుమతి ఉండాలి.

మైదానానికి వెళ్లేవారు మొదట ఎంచుకోవలసింది సీటు. కంఠీరవ ఫుట్‌బాల్ కోసమే కట్టింది కాదు. చుట్టూ అథ్లెటిక్స్ ట్రాక్ ఉంది. ప్రామాణికమైన 400 మీటర్ల ట్రాక్‌లో ఎనిమిది లేన్లు, ఒక్కో లేను 1.22 మీటర్లు. 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఉన్న ఫుట్‌బాల్ మైదానాన్ని అందులో ఇమిడిస్తే పక్కగీత నుంచి ట్రాక్ బయటి అంచుకు సుమారు 12 మీటర్లు వస్తుంది. గోల్ వెనుక ట్రాక్ వంపు తిరుగుతుంది గనుక అక్కడ ఆ దూరం 36 మీటర్ల దాకా పోతుంది. అంటే గోల్ వెనుక కింది వరుసలో కూర్చున్నవారికి అవతలి గోల్ చీమలదండు. ఆట అర్థం చేసుకోవాలనుకునేవారు పక్క గ్యాలరీలో, వీలైనంత పైవరుసలో, మధ్యగీతకు దగ్గరగా టికెట్ తీసుకోవాలి. పాటలూ డప్పులూ కావాలనుకునేవారికి పడమటి గ్యాలరీలో వెస్ట్ బ్లాక్ బ్లూస్ అనే అభిమానుల బృందం ఉంది. అక్కడ తొంభై నిమిషాలూ నిలబడే ఉంటారు. పెద్దవాళ్లనూ చిన్నపిల్లలనూ తీసుకెళ్లేవారు ఆ బ్లాకుకు దూరంగా కూర్చోవడమే సుఖం.

ట్రాక్ అడ్డం లేకుండా ఆటను దగ్గరగా చూడాలనుకునేవారికి అశోక్‌నగర్‌లోని బెంగళూరు ఫుట్‌బాల్ స్టేడియం ఉంది. బెంగళూరు ఎఫ్‌సీ తన మొదటి సీజన్ 2013-14లో ఇక్కడే ఆడి, తొలి ప్రయత్నంలోనే ఐ-లీగ్ గెలిచింది. తర్వాతే కంఠీరవకు మారింది. ఇప్పుడక్కడ స్థానిక లీగ్ మ్యాచ్‌లు జరుగుతుంటాయి. జనం తక్కువ, ఆటగాళ్లు ఒకరినొకరు పిలుచుకునే మాటలు గ్యాలరీలోకి వినబడతాయి. పిల్లలకు మొదటి మ్యాచ్‌గా దీనికి మించింది లేదు.

దారి సంగతి. బస్సులో వెళ్లేవారు హోసూరు దాటాక అత్తిబెలె, ఎలక్ట్రానిక్ సిటీ, సిల్క్‌బోర్డ్ మీదుగా శాంతినగర్ దాకా వెళ్లి అక్కడి నుంచి ఆటోలో మైదానం చేరవచ్చు. సిల్క్‌బోర్డ్ దగ్గర సాయంత్రం పూట ఎంతసేపు ఆగాలో ఎవరూ చెప్పలేరు. 2025 ఆగస్టు 10న మొదలైన మెట్రో పసుపు లైను ఈ ఇబ్బందిని తగ్గించింది. హోసూరు రోడ్డు మీదే ఉన్న బొమ్మసంద్రలో రైలెక్కి, ఆర్.వి. రోడ్ దగ్గర ఆకుపచ్చ లైనుకు, మెజెస్టిక్‌లో ఊదా లైనుకు మారి కబ్బన్ పార్క్‌లో దిగితే మైదానం నడకదూరమే. రాత్రి ఏడున్నర మ్యాచ్‌కు కుందారపల్లి నుంచి మధ్యాహ్నం మూడింటికల్లా బయలుదేరడం మంచిది. శుక్రవారం ఊళ్లో సంత ఉంటుంది, బస్సులు కిటకిటలాడతాయి. ఆ రోజు మ్యాచ్ ఉంటే ఇంకా ముందే కదలాలి.

మైదానంలో భద్రతకు టీవీ గదిలో లేని జాగ్రత్తలు అవసరం. 1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ మ్యాచ్‌లో గొడవ చెలరేగి తొక్కిసలాటలో 16 మంది అభిమానులు చనిపోయారు. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట క్రికెట్ విజయోత్సవంలో 11 మంది ప్రాణాలు పోయాయి. అక్కడ గేట్ల దగ్గర పట్టనంత జనం చేరారు. చేతిలో టికెట్ లేకుండా గేటు దగ్గరికి పోకూడదు. ఆటకు గంట ముందే లోపలికి చేరుకోవాలి. కూర్చోగానే బయటికి పోయే దారి ఏదో చూసుకోవాలి. తప్పిపోతే కలవవలసిన చోటు ఒకటి పిల్లలకు ముందే చూపించి, ఫోన్ నంబరు కాగితం మీద రాసి జేబులో పెట్టాలి. నీళ్ల సీసాలూ సంచులూ చాలా మైదానాల్లో లోపలికి రానివ్వరు కనుక సామాను తగ్గించుకోవడం మేలు.

తిరుగుదారిని టికెట్ కొనేటప్పుడే లెక్క వేసుకోవాలి. ఏడున్నరకు మొదలైన లీగ్ మ్యాచ్ తొమ్మిది ఇరవై ప్రాంతంలో ముగుస్తుంది. గుంపు పలచబడి బయటపడేసరికి పావుతక్కువ పది. రెండు చోట్ల రైలు మారి బొమ్మసంద్ర చేరడానికి గంట పైనే పడుతుంది. రాత్రి పదకొండు ప్రాంతంలో మెట్రో ఆగిపోతుంది కాబట్టి చివరి రైలు వేళ ఆ రోజే చూసుకోవాలి. నాకౌట్ మ్యాచ్‌కు అదనపు సమయం, పెనాల్టీలు కలిస్తే పదిన్నర దాటవచ్చు. అలాంటి రోజు మెట్రోను నమ్ముకోకుండా నలుగురు కలిసి కారు మాట్లాడుకోవడమో, బెంగళూరులో బంధువుల ఇంట్లో పడుకుని పొద్దున రావడమో చేయాలి. అర్ధరాత్రి లారీల మధ్య జాతీయ రహదారి మీద ద్విచక్ర వాహనంలో ఎనభై కిలోమీటర్లు రావడం ఏ మ్యాచ్‌కూ తగదు. తిరిగొచ్చే ఏర్పాటు కుదరని రోజున ఆ మ్యాచ్ ఇంట్లో చూడవలసినదే.